నడిరేవులో బరువు మాట

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. ఇప్పటికి ముప్పై రేవులు తిరిగి ముప్పై చిట్టాలు రాశాను. వాటిని చదివినవాళ్లు ఇద్దరు. ఒకడు నేను. రెండోవాడు నా పేజీలు చింపి పకోడీలు కట్టిచ్చిన హోటలు మనిషి. పైగా నిన్నటి నుంచి నడుం వంగడం లేదు, వెల్లకిలా పడుకుని రాస్తుంటే కలంలో సిరా దిగడం లేదు. అయినా నా తర్వాత వీపుకి సంచి తగిలించుకుని నడిరేవు వెళ్లేవాళ్లకి ఒక సంగతి తెలియాలి. అది మొదట్లోనే చెప్పేస్తే మీరు మిగతాది చదవరు. కాబట్టి జరిగిన వరసలోనే చెబుతాను.

ఉదయం 6.10

మునిగిన పట్నం మీదుగా పడవ రెండు గంటలు నడిచింది. నీళ్లు తేటగా ఉన్నచోట కింది మేడల మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు కనిపించాయి. ఇంకా నిటారుగానే ఉన్నాయి. కట్టినవాడెవడో గట్టివాడు.

నడిరేవు దూరం నుంచి చూస్తే దువ్వెనలా ఉంటుంది. అర్ధచంద్రంలా ఒక గోడ, దాని లోపలి వైపు పన్నెండు వరసలు. వరసకి పన్నెండు ఇళ్లు, ఆ పన్నెండూ ఒకే పొడుగాటి పడవ మీద. ఒక్కో వరస గోడకి ఒక్క లావుపాటి తాడుతో కట్టి ఉంటుంది.

ఈ ఊరికి అనుమతి దొరకడం కష్టమని అందరూ అంటారు. నాకు మొదటి దరఖాస్తుకే వచ్చింది. నా దస్తూరీ చూసి ఇచ్చారనుకున్నాను. దరఖాస్తులో వింత ప్రశ్నలున్నాయి. "ఒంటరిగా వస్తున్నారా?" "మీ సంచిలో ఎంత పడుతుంది?" ఎనభై లీటర్లు అని గర్వంగా రాశాను.

గేటు దగ్గర తూకం. ముల్లుకి అడ్డంగా ఒక గుడ్డ తెర కట్టారు. తూచే ఆవిడ ముఖం సముద్రం వైపు తిప్పుకుని, తెర సందులో చెయ్యి పెట్టి తడిమి ఏదో రాసుకుంటోంది. తూకం చూడకుండా తూచడమేమిటి? తెర తొలగించి నేనే చదివాను.

"మనిషి అరవై మూడు, సంచి పద్నాలుగు, చేతి మూట మూడు! మీ కాటా బాగుందమ్మా, ముల్లు వణకడం లేదు."

వెనక వరసలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా సముద్రాన్ని చూడటం మొదలుపెట్టారు. సముద్రంలో ఏముందా అని నేనూ చూశాను. ఏమీ లేదు.

కాటా మాట వచ్చింది కాబట్టి చెబుతాను. లారీలు ఇంకా తిరిగే రోజుల్లో నేను చెరుకు ఫ్యాక్టరీ ముందు లారీల కాటా చూసేవాణ్ణి. అంతకుముందు ఆరేళ్లు అదే ఫ్యాక్టరీలో బస్తాలు మోశాను. చదువు లేదు. కాటా పక్కన పారేసిన యంత్రాల పుస్తకాలు చదివి అక్షరాలూ లెక్కలూ రెండూ ఒకేసారి నేర్చుకున్నాను. అందుకే నా తెలుగులో అక్కడక్కడ బోల్టులు తగులుతాయి. ఇరవై ఏళ్లు కాటా ముందు కూర్చున్నాక, టైరు ఉబ్బు చూసి లారీ బరువు చెప్పగలిగేవాణ్ణి. తర్వాత మనుషుల మీదికి దిగాను. ఎదురుగా వచ్చేవాళ్ల బరువు నా నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది. కొందరికి దగ్గు వచ్చినట్టు.

7.30

నాకు బస మూడో వరసలో. ఇంటావిడ పేరు మైలపల్లి నూకరత్నం. నలభై ఐదేళ్లుంటాయి, నడకలో చప్పుడు లేదు. గోడ మీదికొచ్చి నన్ను చూసి నవ్వింది. తర్వాత నా సంచిని చూసి ఇంకా బాగా నవ్వింది.

"రండి బాబుగారూ. నెల్లాళ్ల నుంచి ఎదురుసూస్తన్నాం."

ముప్పై రేవులు తిరిగాను, ఎక్కడా ఇంత మర్యాద చూడలేదు. ఇంట్లో సామానంటే ఏమీ లేదు. తలుపు చాప, గిన్నెలు సొరబుర్రలు, గరిటె వెదురు. పెట్టిన ఫలహారం మరమరాలు. మూలన చాప మీద నూకరత్నం అత్తగారు పైడమ్మ కూర్చుని ఉంది, ఎండు చేప ముక్కలా.

అతిథి వట్టి చేతులతో వెళ్లకూడదని మూడు కిలోల బెల్లం తెచ్చాను. మూట ఆవిడ చేతిలో పెట్టాను. బతికున్న పీతని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుంది.

"అయ్యో, ఎందుకండీ ఇది. మీరే... మీరే పట్టుకెళ్లండి బాబుగారూ."

"భలేవారమ్మా. మీ ఇంట తిని, మీ ఇంటిదే పట్టుకెళ్తానా? ఇదిగో, ఈ సంచి కూడా ఇక్కడే ఉంచి ఊరు చూసొస్తాను."

"సంచి ఇక్కడా?" ఆవిడ గొంతు సన్నబడింది. "కూడా పట్టుకెళ్తే... దారిలో ఏవైనా ఏసుకోవచ్చు కదండీ."

"నాకేమీ అక్కర్లేదమ్మా."

ఇంతలో నా దగ్గు వచ్చింది. పైడమ్మని చూసి, అక్క వరస కలిపి అనేశాను: "అప్పా, నువ్వు ముప్పై తొమ్మిది ఉంటావు."

నూకరత్నం చేతిలో గరిటె కింద పడింది. పక్కింట్లో ఎవరో చాప తలుపు దించేశారు. ముసలావిడ మాత్రం నన్ను తేరిపార చూసి బోసినోరు తెరిచింది.

"ముప్పై తొమ్మిదేనేటి? పెళ్లిలో యాబై ఉండేదాన్ని!"

"అత్తా!" అంది నూకరత్నం, బూతు విన్నట్టు.

10.00 ప్రాంతం

ఒంటరిగా తిరగడంలో ఉన్న సుఖం ఏమిటంటే, తప్పుదారి పట్టినా ఎవరూ సణగరు. నడిరేవులో తప్పుదారి కూడా లేదు. గోడ మీద నడవడం, ఏదో వరసలోకి దిగడం, మళ్లీ ఎక్కడం. గోడకి బయటి వైపు అల వచ్చి కొడితే కాళ్ల కింద రాయి జివ్వుమంటుంది. లోపలి వైపు నీరు పళ్లెంలో పోసినట్టు ఉంటుంది.

గ్రంథాలయం చూశాను. ఇక్కడ పుస్తకానికి అట్ట ఉండదు. కుట్లు విప్పి రోజుకి నాలుగు కాగితాలు ఇస్తారు, చదివి తెస్తే ఇంకో నాలుగు. హంతకుడెవరో తెలియడానికి రెండు నెలలు పడుతుందట. మంగలి దుకాణంలో గడ్డం చేయించుకున్నాను. లేచేటప్పుడు ఆయన కత్తిరించిన జుట్టు ఒక గోనెసంచిడు తెచ్చి, "తమరు తీసుకెళ్లాలి" అన్నాడు. నేనెక్కడా ఇలాంటి బహుమతి చూడలేదు. రెండు చేతులూ జోడించి వద్దన్నాను.

అసలు ఊరంతా ఇదే వరస. టీ కొట్టావిడ ఇత్తడి చెంబు ఇవ్వబోయింది. ఒక పెద్దాయన విరిగిన లంగరు చూపించి, "మీకు పనికొస్తాది" అన్నాడు. అందరికీ ఒకటే సమాధానం చెప్పాను: "మీ అభిమానం చాలు బాబూ." వేరే వరసకి అతిథిగా వచ్చిన ఒక అమ్మాయి నాకు ఎదురైంది. సంచి పైకి ఉబ్బిపోయి, భుజాన రోకలి, మెడలో రెండు గొలుసుల తాళాలు. నవ్వుతూ పలకరించింది. ఈ వయసుకే ఎంత ఆశ అనుకున్నాను.

ఒక్కచోట మాత్రం నేనూ లొంగిపోయాను. పదో వరస చివర పాత ఇనుము అతను ఒక గోతం విప్పాడు. లోపల తూకపు రాళ్లు. పది, ఐదు, రెండు, రెండు, ఒకటి. మొత్తం ఇరవై కిలోలు. పోతపోసిన ఇనుము, ముద్ర చెరగలేదు. నా చెయ్యి వాటిని గుర్తుపట్టింది.

"ఊరికే పట్టుకెళ్లండి," అన్నాడు.

"పట్టుకెళ్తాను. కానీ ఇప్పుడు మోసుకుని తిరగలేను. మూడో వరస నూకరత్నం ఇంటికి పంపించు. సాయంత్రం వెళ్లేటప్పుడు తీసుకుంటాను."

ఆ మనిషి నన్ను వింతగా చూశాడు. "మూడో వరసకా? ఈ రోజా? వాళ్లు ఒప్పుకున్నారా?"

"వాళ్లు చాలా మంచివాళ్లు," అన్నాను. అది మాత్రం నిజం.

మధ్యాహ్నం 1.15

నా రాళ్లు నాకంటే ముందే చేరాయి. మూడో వరస మొదట, గోడ పక్కన, తాడు ముడికింద ఒక పెట్టె ఉంది. దానికీ గుడ్డ తెర. తెర పక్కన నలుగురైదుగురు నిలబడి ఎవరి కాళ్లు వాళ్లు చూసుకుంటున్నారు. నేను గోడ మీద నిలబడే వంగి తెర ఎత్తాను. ముల్లు ఎర్ర గీత దాటి ఉంది.

"అరవై ఒక్క కిలో ఎక్కువ!" అన్నాను, వాళ్లకి సాయం చేస్తున్నట్టు.

నూకరత్నం చీరకొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. వెనకే వెళ్లాను. పైడమ్మ చాప మీద చోటు చూపించింది.

"ఇలాగొచ్చి కూకో తమ్ముడూ. ఎవలూ సెప్పరు, నాను సెప్తాను. నాకు ఎనబై నాలుగు, సిగ్గెప్పుడో ఎండిపోనాది."

ఆవిడ చెప్పింది ఇది. గోడ లోపల లోతు తక్కువ. వరస బరువెక్కితే, ఆటు సమయంలో నీరు తగ్గినప్పుడు అడుగు నేలకి కొట్టుకుని పగులుతుంది. అందుకని తుఫాను నెలలు మొదలయ్యే రోజు, పొద్దు వాలే వేళకి ముడి మేడమ్ వస్తుంది. ముల్లు చూస్తుంది. గీతకి లోపలుంటే తాడుకి రెండో ముడి వేస్తుంది. దాటితే ఉన్న ముడి విప్పేస్తుంది. విప్పిన వరసని గోడ అవతలకి లాగేస్తారు. నాలుగు నెలలు అక్కడే.

"ఆ రోజు ఎప్పుడు?"

"ఈయేలే."

"అవతల ఏమవుతుంది అప్పా?"

"కిందటేడు రెండు వరసలెల్లినాయి. ఒకటొచ్చింది."

"మరి ఎక్కువున్నది నీళ్లలో పారేయొచ్చుగా?"

"లోపల పారేత్తే లోతు ఇంకా తగ్గుతాది కదేటి. అవతల పారేద్దారంటే ఈ రోజు గోడ తలుపు తీసేది మీ అతిదుల పడవకి, ఇప్పేసిన వరసకే."

"గోడ మీద పెడితే?"

"గోడ అందరిదీ. గోడకి ఆనిందంటే ఆ సామాను ఏ వరసదో ఆ వరస లెక్కలోకే. మనిసి ఒంటి మీదుంటే ఆ మనిసిది. అందుకే ఈ రోజుకి వరసకో అతిదిని పిలుత్తాం. పట్టుకెల్లడానికి. ఎనబై లీటర్ల సంచాయన మనకే వచ్చేడని మా వరసోల్లు ఎంత సంబరపడ్డారనుకున్నావు!"

లెక్క నాకు అప్పుడు అర్థమైంది. వాళ్లు నా మీద ఇరవై నాలుగు కిలోల ఆశ పెట్టుకున్నారు. నేను సంచి పద్నాలుగు, బెల్లం మూడు, రాళ్లు ఇరవై, మొత్తం ముప్పై ఏడు తెచ్చి నెత్తిన పెట్టాను. అంతా మర్యాదగా.

"పొద్దున్నే చెప్పొచ్చు కదమ్మా!" అన్నాను నూకరత్నంతో. కోపం నా మీదే.

పైడమ్మే అంది:

"ఈ ఊల్లో బరువు మాట ఎవలూ అనరు నాయినా. ముందు అనుకునేవోలు. ఒకేడు మా వరస యాబై ఎనిమిది ఎక్కువొచ్చింది. ఎవలెంతో లెక్కలు అరుసుకున్నారు. మా ఆయన యాబై ఎనిమిది. ఆ మాటిని, ఏటీ అనకుండా, సిన్న తెప్పేసుకుని గోడ దాటెల్లిపోనాడు. మళ్లీ రాలేదు. వరస నిలబడింది. అప్పట్నుంచీ తెర."

నేను పొద్దున్నుంచి ఎంతమంది ముఖం మీద ఎన్ని కిలోలు విసిరానో గుర్తొచ్చింది. టీ కొట్టావిడ డెబ్బై రెండు. మంగలి అరవై ఒకటి.

3.00

బస్తాలు మోసిన ఒళ్లు బస్తాలని మర్చిపోదు. అరవై తొమ్మిదేళ్లు రానీ. ఫ్యాక్టరీలో డెబ్బై ఐదు కిలోలతో లారీకి ఆనించిన చెక్క పలక ఎక్కేవాళ్లం. అరవై ఒక్క కిలో నిలబడి మోయడం ఎంత? నూకరత్నంతో అదే అన్నాను.

"పడవ ఎక్కేదాకా కిందికి దించకూడదు. అరగంట పైనే అవుద్ది బాబుగారూ. మీ వయసుకి..."

"నా వయసు ఏ ముల్లూ చూపించదమ్మా. పదండి, ఇల్లిల్లూ తిరుగుదాం."

పన్నెండు ఇళ్లవాళ్లూ నాకోసం దాచినవి తెచ్చి పెట్టారు. అన్నీ కలిపితే వంద పైనే. ఇరవై నాలుగు ఏరుకోవాలి. వీపు మీద కూర్చునేవి, గుచ్చుకోనివి. చేత్తో ఎత్తి చూసి చెప్పాను. రుబ్బురోలు పొత్రం ఆరు. పడవ ఇంజను పళ్లచక్రం ఏడు. తొమ్మిదో ఇంటి దర్జీ కుట్టు మిషను తల పదకొండు. అంకె చెప్పినప్పుడల్లా ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు, మగవాళ్లు దగ్గారు.

దర్జీ మిషనుని వెంటనే ఇవ్వలేదు. నూనె డబ్బా తెచ్చి నాలుగు చుక్కలు వేశాడు, చక్రం తిప్పి వదిలాడు.

"ఒడ్డున ఎవరైనా కుడతారంటారా?"

"కుట్టేవాళ్లకే ఇస్తాను."

"సూది మాత్రం తీసుకుంటాను. దానికి బరువు..." అని నాలుక కరుచుకున్నాడు.

పొత్రం అడుక్కి, దాని మీద మిషను, పైన బట్టలు. ఇనుప రాళ్లు నడుం చుట్టూ తువ్వాలులో. పళ్లచక్రం ముందువైపు, వెనక బరువుకి సరిగా. లారీకి సరుకు ఎక్కించడమూ ఇంతే, ఇరుసుకి ఇటూ అటూ సమానంగా పడాలి. బెల్లం తల మీద. సంచికి తాళ్లు దర్జీయే బిగించాడు.

5.05

అన్నీ ఎత్తుకుని గోడ మీదికి ఎక్కాను. వరసవాళ్లంతా వరస మీదే ఉండాలి. ముడి పడేదాకా ఎవరూ దిగకూడదు. నూకరత్నం తెర ఎత్తింది. ఆ ఊరి మనిషి తెర ఎత్తడం నేను అప్పుడే చూశాను.

ముల్లు ఇంకా గీత దాటే ఉంది. రెండు గీతలు. రెండు కిలోలు.

ఎక్కడ పోయిందో నాకు తెలుసు. మిషను పదకొండు కాదు, తొమ్మిది. పందొమ్మిదేళ్లు కాటా లేని చెయ్యి, దర్జీ ముఖం చూస్తూ ఎత్తాను.

"తప్పు నాది. ఇంకో రెండు ఇవ్వండి," అన్నాను. "తొందరగా."

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. దాచినవాటిలో మిగిలిన రోలు తేవాలంటే పది కిలోలు, అది నా మోకాళ్లకి ఎక్కువ. తక్కినవి దానికంటే బరువు. రెండు కిలోల సామాను ఎప్పుడో వదిలించుకున్న ఇళ్లు. ఒకరు చాప తెచ్చారు, ఒకరు సొరబుర్ర.

అప్పుడు పైడమ్మ గట్టిగా అరిచింది.

"నాది ముప్పై తొమ్మిది!"

అంతా బిగుసుకుపోయారు.

"ఏటలా సూత్తారు? ముప్పై తొమ్మిది. దానిమీద ఇంకో రెండు దాసుకున్నాను. నూకీ, నా తలగడ తే."

నూకరత్నం తలగడ తెచ్చింది. ముసలావిడ గోరుతో కుట్టు తెంపింది. దూది లోపల ఒక తాడు, తాడుకి గుచ్చిన సీసపు గుళ్లు. వల అంచున కడతారే, అవి.

"మావయ్యవా?" అంది నూకరత్నం.

"మరెవలివి? వల ఒదిలేసి గుళ్లు ఇప్పుకుని ఇంట్లో పెట్టెల్లినాడు. తెప్ప తేలిగ్గా ఉండాలని కాబోలు. ముప్పై ఏళ్ల నుంచి నా తల కిందే. వరస లెక్కలో పడి ఉన్నాయి."

దండలా నా మెడలో వేయమంది. నూకరత్నం మునివేళ్ల మీద లేచి వేసింది. చల్లగా ఉన్నాయి.

"అప్పా, ఇవి నేను ఏం చెయ్యను?"

"నీ ఇష్టం. సేపలు పట్టుకో. నాకు తల ఎత్తుగా ఉండి మెడ నొప్పి."

దర్జీ ఉన్నట్టుండి, "నాది డెబ్బై నాలుగు," అన్నాడు. ఎవరూ అడగలేదు. రెండో ఇంటావిడ, "అది మీ ఆవిడ లెక్కా?" అంది. వరస మొదటి నుంచి చివరిదాకా నవ్వు వెళ్లింది. నేను నవ్వలేకపోయాను, నవ్వితే మోకాళ్లు సడలుతాయి.

5.34

ముడి మేడమ్ పేరు భార్గవి. ముప్పై ఏళ్లుంటాయి. ఆవిడ బరువు నేను చెప్పను. చేతులకి తోలు తొడుగులు, నడుముకి తాడు కత్తి. నన్ను చుట్టూ తిరిగి చూసింది.

"ఇతనెవరు?"

"మా అతిథి," అంది నూకరత్నం.

"ఇంతా ఈయనే పట్టుకెళ్తున్నారా? పెద్దాయనా, ఎవరైనా బలవంతం చేశారా?"

"బలవంతం చేసుంటే పొద్దున్నే తీసుకునేవాణ్ణి," అన్నాను.

"ఎక్కడైనా కిందికి ఆనించారా?"

"లేదు."

ఆవిడ తెర లోపల తల పెట్టింది. అల వచ్చి గోడని కొట్టింది, ముల్లు ఊగి ఉంటుంది. ఆగింది. ఇంకో అల. మళ్లీ ఆగింది. నా కుడి పిక్క వణకడం మొదలుపెట్టింది. అది ఆగాలని ఇరవై ఏడో ఎక్కం మనసులో చదివాను. నూట ఎనభై తొమ్మిది దగ్గర ఆవిడ తల బయటికి తీసి, చంకలోంచి కొత్త తాడు ముక్క లాగి, పాత ముడి పక్కన రెండో ముడి బిగించింది. బిగించి ఒకసారి కాలితో తన్ని చూసింది. నాలుగో వరసకి వెళ్లిపోయింది.

మూడో వరసలో ఎవరూ కేకలు వేయలేదు. నూకరత్నం కూర్చుండిపోయింది. పైడమ్మ ఖాళీ తలగడ ఒళ్లో పెట్టుకుని చదును చేస్తోంది.

"తమ్ముడూ, మళ్లీ ఏడు వత్తావా?" అని కేకేసింది.

"ఖాళీ సంచితో వస్తాను."

ఏడో వరస దగ్గర భార్గవి చాలాసేపు ఆగింది. తెర లోపల మూడుసార్లు చూసింది. నేను నిలబడ్డ చోటికి బాగా కనిపిస్తోంది. తర్వాత తొడుగులు సర్దుకుని ముడి విప్పింది. తాడు నీళ్లలో పడింది. ఆ వరస మెట్ల మీద ఒకావిడ తల దువ్వుకుంటోంది. దువ్వుకోవడం ఆపలేదు.

6.05

పడవ ఎక్కాక అన్నీ దించాను. దించగానే ఒళ్లు గాలిలోకి లేచినట్టయింది, బల్ల పట్టుకుని కూర్చున్నాను. రోకలి అమ్మాయి తన సీసాలో నీళ్లు ఇచ్చింది. పొద్దున్న ఆమె గురించి అనుకున్నది ఆమెకి చెప్పి క్షమించమన్నాను. ఆమె నా ఖాళీ చేతులు చూసి, సాయం చెయ్యని లోభి ముసలాడు అనుకున్నానంది. లెక్క సరిపోయింది.

గోడ తలుపు తీశారు. ఏడో వరస కూడా తలుపు వైపే వస్తోంది, రెండు లాగుడు పడవలు దాన్ని మెల్లగా తిప్పుతున్నాయి. తలుపు వెడల్పు ఒక్కదానికే సరిపోతుంది. మా పడవవాడు ఇంజను తగ్గించి, పక్కకి తప్పుకుని, దానికి దారి ఇచ్చాడు.